పాత డెక్కు, కొత్త టీవీ: మామా అల్లుళ్ళ సంవాదం

వీసీఆర్, వీసీడీ ప్లేయర్, క్యాసెట్ కెమెరా, గేమ్ పెట్టె లాంటి పాత వీడియో పరికరాలు బొమ్మను అనలాగ్ సిగ్నల్‌గా బయటికి పంపుతాయి. ఇప్పటి టీవీ తెర ఆ సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు చూపలేదు. తెర మీద గళ్ళు లెక్కగా ఉంటాయి. ప్రతి గడికీ ఒక అంకె కావాలి. కాబట్టి పరికరానికీ తెరకీ మధ్య ఎక్కడో ఒకచోట అనలాగ్ డిజిటల్‌గా మారాలి, చిన్న బొమ్మ పెద్ద తెరకు సరిపడా పెరగాలి. ఆ పని ఎక్కడ జరగాలన్న దగ్గరే అభిప్రాయాలు చీలతాయి. సరైన వైరు తగిలిస్తే టీవీయే చూసుకుంటుందన్నది ఒక పక్షం. కాకినాడలో ఏళ్ళ తరబడి టీవీలూ డెక్కులూ బాగుచేసిన మామయ్య ఆ పక్షాన మాట్లాడతాడు. టీవీకి వదిలేస్తే బొమ్మ పాడవుతుంది, మార్పిడి ఒక్కసారి శ్రద్ధగా చేసి ఫైలుగా దాచుకోవాలన్నది రెండో పక్షం. హైదరాబాద్‌లో వీడియో ఎడిటింగ్ చేసే మేనల్లుడిది ఆ వాదం.

మామయ్య: తగిలించడం గురించి మాట్లాడే ముందు తీగలో ఏం వెళుతోందో తెలియాలిరా అల్లుడూ. మన దేశంలో రంగుల ప్రసారం 1982 ఏషియన్ క్రీడలప్పుడు వచ్చింది, పాల్ పద్ధతిలో. ఒక్కో బొమ్మకి 625 గీతలు, అందులో కంటికి కనిపించేవి 576. సెకనుకి 25 బొమ్మలు. ఒక్కో బొమ్మా రెండు విడతలుగా వస్తుంది: ఒక విడతలో బేసి గీతలు, రెండో విడతలో సరి గీతలు. ఇక్కడ అమ్మిన పరికరాలు చాలావరకు ఈ లెక్క ప్రకారమే బొమ్మని పంపుతాయి. వెలుగునీ రంగునీ ఒకే తీగలో కలిపి పంపితే అది కాంపోజిట్. అందరికీ తెలిసిన పసుపు పిన్ను అదే. పక్కన తెలుపు ఎడమ ధ్వనికి, ఎరుపు కుడి ధ్వనికి.

అల్లుడు: కలిపి పంపడంలోనే నష్టం ఉంది మావయ్యా. పాల్‌లో రంగు సిగ్నల్ 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెలుగు సిగ్నల్లోనే దూరి ఉంటుంది. టీవీ ఆ రెండింటినీ మళ్ళీ విడదీయాలి, అది పూర్తిగా కుదరదు. సన్న చారల చొక్కా మీద లేని రంగులు పాకేది అందుకే. ఎస్-వీడియోలో వెలుగూ రంగూ వేరువేరు తీగల్లో వస్తాయి. నాలుగు సన్న పిన్నులున్న గుండ్రటి ప్లగ్గు దానిది. కాంపొనెంట్‌లో మూడు తీగలు: ఆకుపచ్చ దాంట్లో వెలుగు, నీలం ఎరుపుల్లో రంగుల తేడాలు. డీవీడీ ప్లేయర్ వెనక ఆ మూడు రంధ్రాలూ ఉన్నా, చాలా ఇళ్ళలో పసుపు పిన్నుతోనే ఏళ్ళు గడిపేశారు.

మామయ్య: డీవీడీకైతే ఒప్పుకుంటాను. క్యాసెట్టుకి ఆ ఆర్భాటం దేనికి? వీహెచ్ఎస్ టేపు మీద వెలుగు సిగ్నల్ 3 మెగాహెర్ట్జ్ దాటి నిలవదు. అడ్డంగా కొలిస్తే 240 గీతల వివరం, అంతే. మామూలు వీహెచ్ఎస్ డెక్కుకి ఎస్-వీడియో రంధ్రం ఇవ్వనే లేదు. ఎస్-వీహెచ్ఎస్ డెక్కులకి ఇచ్చారు గానీ, అవి స్టూడియోల్లో తప్ప మన ఇళ్ళలో కనపడేవి కావు. బావిలో ఉన్న నీళ్ళే కదా చేదలోకి వచ్చేది!

ఇద్దరి మాటా నిజమే గానీ, అసలు ఇబ్బంది మూలం తెర కొలతలో ఉంది. పాల్ బొమ్మను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు వాడే కొలత అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు; మొత్తం 4,14,720. ఫుల్ హెచ్‌డీ తెర మీద 1920×1080, అంటే సరిగ్గా 5 రెట్లు. 4కే తెర మీద 3840×2160, సరిగ్గా 20 రెట్లు. వచ్చిన ఒక్కో చుక్క చుట్టూ మరో 19 చుక్కల్ని టీవీ సొంతంగా ఊహించి నింపుకోవాలి. వీసీడీ సంగతి మరీ కష్టం: దాని బొమ్మ 352×288 మాత్రమే. 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ మీద ఇంపుగా కనిపించిన సినిమా 55 అంగుళాల తెర మీద మసగ్గా, గళ్ళుగళ్ళుగా కనిపిస్తే తప్పు వైరుదీ కాదు, డిస్కుదీ కాదు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటే ఆ లోపంలో సగం కనపడకుండా పోతుంది. ఖర్చులేని ఈ ఉపాయం దుకాణాల వాళ్ళు ఎందుకో చెప్పరు.

అల్లుడు: సరే, తగిలించడానికి చోటు ఏది? కొత్త టీవీల వెనక చూడు. హెచ్‌డీఎంఐ రెండో మూడో ఉంటాయి, యూఎస్‌బీ ఉంటుంది. పసుపు రంధ్రం చాలా వాటికి లేనే లేదు.

మామయ్య: లేదని తేల్చేసే ముందు టార్చి వేసి చూడాలి. కొన్ని టీవీల్లో ఆకుపచ్చ రంధ్రం చుట్టూ పసుపు గీత ఉంటుంది. కాంపొనెంట్ వెలుగుకీ కాంపోజిట్‌కీ అదే దారి. పసుపు పిన్ను అందులో పెట్టి, మెనూలో కాంపొనెంట్ అని ఉంచితే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. రంగులు పోయాయని డెక్కు మోసుకుని మా కొట్టుకి వచ్చినవాళ్ళు ఎంతమందో! ఇన్‌పుట్ ఏవీకి మారిస్తే రంగులు వస్తాయి. ఇంకొన్ని టీవీల్లో ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒకటి ఉండి, పక్కన ఏవీ ఇన్ అని రాసి ఉంటుంది. దాంట్లోకి ఒక కొసన ఒకే జాక్, రెండో కొసన మూడు రంగుల పిన్నులు ఉన్న పొట్టి వైరు కావాలి. టీవీ పెట్టెలోనే ఇచ్చి ఉంటారు, మనవాళ్ళు థర్మోకోల్‌తో పాటు పారేసి ఉంటారు.

అల్లుడు: ఆ వైరు బజార్లో యాభై రకాలుగా దొరుకుతుంది, అన్నీ పనిచేయవు. ఆ జాక్ మీద నాలుగు మెట్లుంటాయి. రెండు ధ్వనికి, ఒకటి బొమ్మకి, ఒకటి ఎర్తుకి. ఏది దేనికన్నది ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా పెట్టుకుంది. ఎర్తు మెట్టు మారిందంటే బొమ్మ రాదు, గుర్‌మని శబ్దం మాత్రం వస్తుంది.

మామయ్య: ఎర్తు ఒకటై, మిగతావే మారితే దానికో చిట్కా ఉంది. పసుపు పిన్ను చోట ఎరుపు పిన్ను పెట్టి చూడడమే. బొమ్మ వచ్చిందంటే ఆ వైరులో బొమ్మ దారి ఎరుపుది. పిన్నుల రంగులు మన గుర్తుకే, లోపల తీగకి రంగుతో పని లేదు. ఇంకోటి: పాత డెక్కు చాలావరకు మోనో, ధ్వనికి ఒకే రంధ్రం. దాన్ని టీవీ తెల్ల రంధ్రంలో పెడితే కొన్ని టీవీల్లో రెండు స్పీకర్లూ మోగుతాయి, కొన్నింట్లో ఒక్కటే మోగుతుంది. ఒకటి రెండుగా చీలే వైరు వేస్తే ఆ గొడవ తీరుతుంది.

అల్లుడు: ఏవీ రంధ్రం అసలు లేని పరికరాలో? తొలినాటి గేమ్ పెట్టెలు కొన్నింటికి యాంటెన్నా వైరు ఒక్కటే దిక్కు.

మామయ్య: అది ఆర్‌ఎఫ్. పెట్టె తనే ఒక చిన్న ప్రసార కేంద్రం లాగా బొమ్మని ఒక ఛానల్ మీద ఎక్కిస్తుంది. మన వీసీఆర్‌లు యూహెచ్‌ఎఫ్ 36 చుట్టుపక్కల ఎక్కించేవి. టీవీకి యాంటెన్నా రంధ్రం ఉండి, మెనూలో అనలాగ్ వెతుకులాట ఉంటే, పరికరం ఆన్ చేసి ఉంచి వెతికిస్తే ఆ ఛానల్ దొరుకుతుంది. ధ్వని మోనోలోనే వస్తుంది, బొమ్మ పసుపు పిన్ను కంటే ఒక మెట్టు తక్కువ. వేరే దారి లేనప్పుడే అది.

అల్లుడు: ఇన్ని తిప్పలు పడే బదులు ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా ఒకటి కొనుక్కుంటే పోలా?

ఇక్కడే వాదం వేడెక్కుతుంది. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది కూడా ఇక్కడే. హెచ్‌డీఎంఐ ప్రమాణాన్ని సోనీ, ఫిలిప్స్, తోషిబా తదితర ఏడు కంపెనీలు కలిసి 2002లో తెచ్చాయి. అది పూర్తిగా డిజిటల్. అనలాగ్ బొమ్మకి ఆ ప్లగ్గులో చోటు లేదు. ఒక కొసన హెచ్‌డీఎంఐ ప్లగ్గు, మరో కొసన మూడు రంగుల పిన్నులు పెట్టి అమ్మే ఉత్త వైరు వీసీఆర్‌ను టీవీకి కలపలేదు. మధ్యలో మార్పిడి చేసే చిప్పూ, దానికి కరెంటూ ఉండాలి. నిజమైన కన్వర్టర్ ఒక చిన్న డబ్బా రూపంలో, యూఎస్‌బీ నుంచి 5 వోల్టుల కరెంటు తీసుకుంటూ పనిచేస్తుంది. దిశ కూడా చూసుకోవాలి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా వేరు, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా వేరు. రెండూ పక్కపక్కనే, ఒకే రంగులో, ఒకే సైజులో అమ్ముడవుతాయి. రెండోది కొత్త ప్లేయర్‌ను పాత డబ్బా టీవీకి కలపడానికే తప్ప ఈ పనికి రాదు.

మామయ్య: డబ్బా కొన్నావు, దిశా సరిగ్గానే ఉంది అనుకుందాం. బొమ్మ మాటేమిటి? క్యాసెట్టులో ఉన్న బొమ్మ 4:3. నీ డబ్బా దాన్ని 720 గీతలకో 1080 గీతలకో పెంచి, 16:9 చట్రంలోకి సాగదీసి పంపుతుంది. టీవీకి అది అచ్చమైన హెచ్‌డీ బొమ్మలా కనిపిస్తుంది. కొన్ని టీవీలు ఇక దాని ఆకారం మార్చనివ్వవు. పెళ్ళికూతురు మూడో వంతు లావెక్కి కూర్చుంటుంది. అదే టీవీ సొంత ఏవీ రంధ్రంలో పెడితే, మెనూలో 4:3 అని నొక్కితే చాలు.

అల్లుడు: 4:3 పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయని ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. తెర నిండా కావాలంటారు.

మామయ్య: ఫుల్ హెచ్‌డీ తెర మీద 4:3 బొమ్మకి 1440 చుక్కల వెడల్పు చాలు. అటు 240, ఇటు 240 ఖాళీ. ఖాళీగా ఉంటే కొంపేం మునగదు. జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు తెగిపోతుంది. తలంబ్రాల వేళ తలలు కనపడకపోతే ఇంక చూసేదేముంది?

ఈ ఒక్క అంశంలో మామయ్య మాటకి తిరుగులేదు. పాత బొమ్మను సాగదీసి చూడడం తెలుగు ఇళ్ళలో ఎంత మామూలైపోయిందంటే, పాత సినిమాల్లో నటులు నిజంగానే అంత వెడల్పుగా ఉండేవారని పిల్లలు అనుకునే పరిస్థితి. కన్వర్టర్ కొనక తప్పనివాళ్ళు 4:3 బొమ్మను పట్టీలతో సరైన ఆకారంలో పంపే మీట ఉన్నదాన్ని వెతుక్కోవడం మంచిది. మరో లోపం కూడా చవక డబ్బాల్లో తరచుగా కనిపిస్తుంది: అవి ఎప్పుడూ సెకనుకి 60 బొమ్మల లెక్కలోనే బయటికి పంపుతాయి. మన సిగ్నల్ 50 లెక్కలో వస్తుంది. ఆ 10 బొమ్మల తేడాను పూడ్చడానికి డబ్బా కొన్నింటిని రెండుసార్లు చూపిస్తుంది. అప్పుడు కెమెరా అడ్డంగా తిరిగే చోట బొమ్మ ఉండుండి కుదుపుతుంది. 50 లెక్కలో పంపగల డబ్బా అయితే ఈ కుదుపు ఉండదు.

అల్లుడు: ఆకారం సంగతి నీదే గెలుపు. కానీ డెక్కు విషయంలో టీవీని నమ్మడానికి లేదు మావయ్యా. వీసీఆర్‌లో హెడ్లున్న డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, తిరుగుడుకి ఒక బొమ్మ చొప్పున. టేపు కాస్త సాగినా, రబ్బరు రోలర్ అరిగినా ఒక గీత ముందొస్తుంది, ఇంకో గీత ఆలస్యమవుతుంది. ఒక్కో గీతకి 64 మైక్రోసెకన్లే గడువు. పిక్చర్ ట్యూబ్ టీవీ ఆ ఊగిసలాటతో పాటే ఊగి చూపించేసేది. డిజిటల్ టీవీ మాత్రం గడియారం పెట్టుకుని కొలుస్తుంది. గీతల రాక మరీ తప్పితే సిగ్నల్ లేదని నిర్ణయించుకుని నీలం తెర వేస్తుంది. డెక్కు తిరుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం మాయమవుతుంది.

మామయ్య: నిజమే. పాత టీవీలో ఆడిన క్యాసెట్టు కొత్త టీవీలో ఆడట్లేదంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ. ముందు ట్రాకింగ్ సరిచేయాలి, హెడ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కొన్ని టీవీల్లో నీలం తెర ఆపేసే మెనూ ఉంటుంది. అది ఆపితే చెడ్డ బొమ్మయినా కనపడుతుంది.

అల్లుడు: దానికి అసలు మందు టైమ్ బేస్ కరెక్టర్. వచ్చిన ప్రతి గీతనీ జ్ఞాపకంలో పట్టి ఉంచి, సమయం సరిచేసి పంపుతుంది. మంచి ఎస్-వీహెచ్ఎస్ డెక్కుల్లో అది లోపలే ఉండేది. లేనప్పుడు డీవీడీ రికార్డరు పనికొస్తుంది. కొన్ని మోడళ్ళలో డెక్కు సిగ్నల్‌ని లోపలికిచ్చి, దాని అవుట్‌పుట్ టీవీకి ఇస్తే, రికార్డు చేయకపోయినా గీతలు నిటారుగా వస్తాయి.

మామయ్య: బొమ్మ అడుగున చిరిగిన గుడ్డలా ఊగే పట్టీ ఒకటి కనపడుతుంది కదా, అది మాత్రం రిపేరు కాదు. ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకి మారే చోటు అది. టేపు పుట్టినప్పటినుంచీ ఉంది. పాత టీవీ తెర అంచులు బొమ్మని కాస్త కప్పేసేవి, అందుకని ఎవరికీ కనపడలేదు. కొత్త టీవీ కొసదాకా చూపిస్తోంది. మెనూలో ఓవర్‌స్కాన్ ఉంటే పెట్టుకోవాలి, లేదా పట్టించుకోవడం మానేయాలి.

గీతల విడతల సంగతి దీనికి జోడవుతుంది. పాత సిగ్నల్‌లో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు తర్వాతి క్షణానివి. కొత్త తెర అన్ని గీతల్నీ ఒకేసారి చూపాలి. రెండు విడతల్నీ అలాగే అతికిస్తే కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్ళలా గీతలు పొడుచుకొస్తాయి. దాన్ని సరిచేసే పనిని టీవీ లోపలి చిప్పు చేస్తుంది, కన్వర్టర్ చేస్తే కన్వర్టర్ చిప్పు చేస్తుంది. పెద్ద టీవీల్లో ఉండే చిప్పు అతి చవక కన్వర్టర్‌లో ఉండే చిప్పు కంటే సాధారణంగా మెరుగైనది. ఏవీ రంధ్రం ఉన్న టీవీకి డబ్బా కొనడం చాలాసార్లు వృథా అయ్యేది ఇందువల్లే. ఏ దారిలో కలిపినా టీవీ మెనూలో షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. అది ఎక్కువగా ఉంటే టేపు మీది గరగరే ముందు కనిపిస్తుంది. కదలికను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపేయడం మేలు.

అల్లుడు: ఇంకో చిక్కు మన దేశం దాటిన క్యాసెట్లది. అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. 525 గీతలు, సెకనుకి 30 బొమ్మలకి రవ్వంత తక్కువ, రంగు 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర. ఇక్కడ పెళ్ళి క్యాసెట్టు అక్కడి కూతురింటికి పంపితే వాళ్ళ వీసీఆర్‌లో ఆడేది కాదు. పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడే మల్టీసిస్టమ్ డెక్కుల కోసం తెలుగువాళ్ళు ఎంత వెతికేవారో!

మామయ్య: మన దగ్గర అమ్మే టీవీలు చాలావరకు రెండూ తీసుకుంటాయి. అటునుంచి వచ్చిన ఎన్‌టీఎస్‌సీ కెమెరా ఇక్కడ తగిలిస్తే బొమ్మ వస్తుంది. అమెరికాలో అమ్మే టీవీలు చాలావరకు పాల్‌ని ఏవీ రంధ్రంలో ఒప్పుకోవు. బొమ్మ దొర్లుతుంది, లేకపోతే రంగు రాదు. ఇక్కడి డెక్కు సూట్‌కేసులో మోసుకుపోయినా లాభం ఉండదు. పైగా అక్కడ కరెంటు 120 వోల్టులు.

అల్లుడు: ఫైలుకి ఆ బాధ లేదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఏ దేశం టీవీకి గుచ్చినా ఆడుతుంది.

మామయ్య: అంతా ఫైలే అంటావు. డీవీడీల్ని కూడా ఫైళ్ళు చేసుకుంటూ కూర్చోవాలా?

అల్లుడు: వద్దు. డీవీడీ పుట్టుకతోనే డిజిటల్. హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్ అయితే ఒక్క తీగతో పని అయిపోతుంది. లోపల ఉన్న అంకెలు అనలాగ్ అవతారం ఎత్తకుండానే టీవీకి చేరతాయి. హెచ్‌డీఎంఐ లేకపోతే కాంపొనెంట్, ప్లేయర్ సెటప్‌లో ప్రోగ్రెసివ్ పెట్టి.

మామయ్య: అందరూ మరిచేది ఒకటుంది. పాత టీవీ కోసం ప్లేయర్ మెనూలో 4:3 అని పెట్టి ఉంటారు. కొత్త టీవీకి తగిలించాక దాన్ని 16:9 చేయాలి. చేయకపోతే వెడల్పు సినిమాని ప్లేయర్ ముందే కుదించి, ఉన్న గీతల్లో కొన్నింటిని నల్ల పట్టీలకి ఖర్చు చేసేస్తుంది. కొన్ని పాత సినిమాల డీవీడీలు మాత్రం నల్ల పట్టీలతో సహా 4:3లోనే అచ్చయ్యాయి. వాటికి నాలుగు వైపులా నలుపు వస్తుంది. జూమ్ నొక్కడానికి న్యాయమైన కారణం అదొక్కటే.

కేబుల్, డిష్ ఎస్‌డీ సెట్‌టాప్ బాక్సులకీ ఇదే సూత్రం. బాక్సు మెనూలో 16:9, 4:3 ఎంపిక సరిగ్గా ఉందో లేదో చూస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

కెమెరాల దగ్గర వాదం మేనల్లుడి వైపు మొగ్గుతుంది. 1985లో వచ్చిన వీడియో8, 1989లో వచ్చిన హై8 క్యాసెట్లు అనలాగ్. వాటిని ఆడించే డెక్కు విడిగా ఇళ్ళలో ఉండదు కనుక కెమెరాయే ప్లేయర్. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది గనుక అడాప్టర్‌తో నడపాలి. ఏవీ అవుట్ నుంచి పసుపు పిన్ను తీసుకుని టీవీకి పెట్టవచ్చు, హై8కి ఎస్-వీడియో ఉంటే దాన్నే వాడాలి. 1995లో వచ్చిన మినీడీవీ కథ వేరు. దాని టేపు మీద ఉన్నవి అంకెలే.

అల్లుడు: మినీడీవీ కెమెరాకి పసుపు పిన్ను తగిలించడం దండగ మావయ్యా. సెకనుకి 25 మెగాబిట్ల డిజిటల్ బొమ్మ టేపు మీద ఉంది. దాన్ని అనలాగ్ చేసి, టీవీలో మళ్ళీ డిజిటల్ చేయించడం ఏ న్యాయం? ఫైర్‌వైర్ రంధ్రం ఉన్న పాత కంప్యూటర్‌కి కలిపితే టేపు మీద ఉన్నది ఉన్నట్టుగా దిగుతుంది. గంటకి 13 జీబీ. ఒక్క చుక్క కూడా పోదు.

మామయ్య: ఆ రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్ ఇప్పుడెక్కడ దొరుకుతుందిరా?

అల్లుడు: పాతది వెతకాలి, లేదా డెస్క్‌టాప్‌లో కార్డు వేయించాలి. దొరక్కుండా పోయేలోపు చేయాలనే నా గోల.

ఆటల పెట్టెల సంగతి ఇద్దరికీ కాస్త పరాయిదే, అయినా విడిచిపెట్టడానికి వీల్లేదు. సినిమా చూసేవాళ్ళకి సెకనులో పదో వంతు ఆలస్యం తెలియదు. బొమ్మా ధ్వనీ కలిసి ఆలస్యమైతే చాలు. ఆడేవాళ్ళకి అదే ఓటమి. బటన్ నొక్కిన తర్వాత బొమ్మ కదలడానికి పట్టే సమయాన్ని టీవీ లోపలి మార్పిడి పెంచేస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే కొంత తగ్గుతుంది. పాత పెట్టెలు గీతల్ని రెండు విడతలుగా కాకుండా ఒకే సగాన్ని పదేపదే పంపేవి. దాన్ని చాలా కొత్త టీవీలు మామూలు విడతల బొమ్మగా పొరబడి మసక చేస్తాయి. ఓఎస్ఎస్‌సీ, రెట్రోటింక్ అనే కన్వర్టర్లు ఈ చిక్కు కోసమే తయారయ్యాయి. అవి గీతల్ని వచ్చినవి వచ్చినట్టే రెట్టింపు చేసి పంపుతాయి కనుక ఆలస్యం దాదాపు ఉండదు, ధర మాత్రం చవక డబ్బాకి అందనంత ఎత్తు. తెర మీది బాతుల్ని కాల్చే తుపాకీ ఆటకి మాత్రం ఏ కన్వర్టరూ చాలదు. నింటెండో జాపర్ తరహా తుపాకీ పిక్చర్ ట్యూబ్ మీద ఆ క్షణాన మెరిసే వెలుగును పట్టుకునేలా తయారైంది. ఎల్‌సీడీ తెర మీద ఆ మెరుపు ఆ వేళకి, ఆ తీరున రాదు.

చివరికి మిగిలేది మొదట్లో చెప్పుకున్న ప్రశ్నే: క్యాసెట్లను తగిలించి చూస్తూ ఉండాలా, ఫైళ్ళు చేసి డెక్కు పక్కన పెట్టాలా?

మామయ్య: క్యాసెట్టు పెట్టుకుని చూసే సుఖం వేరు. పైగా ఫైలు చేయడం అంటే మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలూ కూర్చోవాలి. తొందరపెట్టే దారి లేదు. ఇరవై క్యాసెట్లుంటే?

అల్లుడు: ఇరవై వారాంతాలు. ఆ తర్వాత మళ్ళీ కూర్చోనక్కర్లేదు. డెక్కులు ఇంక రావు మావయ్యా. ఆఖరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. నీ కొట్లో హెడ్లు, బెల్టులు ఎన్నాళ్ళు ఉంటాయి?

మామయ్య: పాత డెక్కుల్లోంచి పీకినవే. అవీ అయిపోవచ్చాయి.

అల్లుడు: అయితే ఉన్న మంచి డెక్కుతోనే చేయాలి. డెక్కు నుంచి, వీలైతే టైమ్ బేస్ కరెక్టర్ మీదుగా, బొమ్మని కంప్యూటర్లోకి ఫైలుగా పట్టే క్యాప్చర్ డబ్బాకి. 720×576 కొలతలోనే పట్టాలి. 1080కి పెంచి పడితే ఫైలు ఉబ్బుతుంది, వివరం పెరగదు. రెండు విడతల్నీ విడదీసి సెకనుకి 50 బొమ్మలుగా మారిస్తే కదలిక అసలులాగే నున్నగా ఉంటుంది. సినిమా కంపెనీల క్యాసెట్ల మీద మాక్రోవిజన్ అనే కాపీ నిరోధం ఉండొచ్చు, దానివల్ల బొమ్మ వెలుగు ఎగసి పడుతుంటుంది. ఇంటి వీడియోలకి ఆ బెడద లేదు.

మామయ్య: డెక్కులో పెట్టే ముందు క్యాసెట్టు మూత తెరిచి టేపు చూడాలి. సముద్రం పక్క ఊళ్ళలో తెల్లగా బూజు పడుతుంది. బూజు పట్టిన టేపు పెడితే హెడ్లకి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ పాకుతుంది. దాన్ని విడిగా శుభ్రం చేయించాలి. బూజు లేని టేపునైతే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పితే చుట్టలు సమానంగా పడతాయి.

ఈ సంవాదంలో పూర్తి విజేత లేడు. డిస్కులు, సెట్‌టాప్ బాక్సులు, ఆటల పెట్టెలు నేరుగా టీవీకి కలపదగినవి. అక్కడ మామయ్య చెప్పిన వైరు, మెనూ జాగ్రత్తలు చాలు. టేపుల విషయంలో తీర్పు మేనల్లుడి పక్షం, ఎందుకంటే ఆడించిన ప్రతిసారీ టేపూ హెడ్లూ రెండూ అరుగుతాయి. టీవీకి కలిపి ఒకసారి చూడడం టేపు ఆడుతోందో లేదో తేల్చుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు. ఇంట్లో పెళ్ళి క్యాసెట్లు ఉన్నవాళ్ళు వాటిని డెక్కులో పెట్టే ముందు వెన్ను వైపు ఉన్న చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరిచేయాలి, లేకపోతే పొరపాటున రికార్డు బటన్ తగిలితే ఉన్నది చెరిగిపోతుంది. కాపీలు రెండు చోట్ల దాచాలి, అసలు క్యాసెట్టును పారేయకూడదు.